వేలిముద్ర పైన జాగా

జూన్ 16, సోమవారం

సెలవుల తర్వాత కోర్టు తెరిచి పదిహేను రోజులైనా కాలేదు, అప్పుడే ఒక సర్క్యులర్ ఊడిపడింది. న్యాయవాదుల క్రమశిక్షణ నియమాలు మారుస్తారట. జిల్లా బార్ సంఘాలు జూలై 16 లోపల ప్రతిపాదనలు పంపాలట. వెంటనే ముగ్గురితో కమిటీ. అధ్యక్షుడు మా వెంకట్రాములు సార్, సభ్యుడు క్రిస్టోఫర్, రాయడానికి నేను. రాయడానికి ఎప్పుడూ నేనే. పన్నెండేళ్ళుగా సార్ దగ్గర పనిచేస్తున్నాను. గోడ మీద ఆయన పేరు కింద నా పేరుంది, కూర్చోవడానికి సొంత గది మాత్రం లేదు. నాజ్ అయితే మంచిగా రాస్తుందని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. పని అంటగట్టేటప్పుడు ఈ బార్‌లో పొగడ్తకు కరువుండదు.

మొదటి నియమం అక్కడికక్కడే రాసేశాను. "కక్షిదారు చేత తెల్లకాగితం మీద సంతకం గాని, వేలిముద్ర గాని ఏ న్యాయవాదీ తీసుకోరాదు." బాగా కుదిరింది. రెండుసార్లు చదువుకున్నాను.

నాలుగింటికి బాలనర్సమ్మ వచ్చింది, హవేలిఘనపూర్ నుంచి షేర్ ఆటోలో. ఆమె ఇరవై గుంటల పొలాన్ని, అంటే అర ఎకరాన్ని, మరిది బిక్షపతి తన మడిలో కలిపేసుకున్నాడు. దాని కోసం నాలుగేళ్ళుగా మా దగ్గర కేసు నడుపుతోంది. తారీఖెప్పుడని అడిగింది. ఇంకా పడలేదన్నాను. మబ్బు పట్టిందని త్వరగా వెళ్ళిపోయింది.

జూన్ 17

నిన్న నేను చెప్పింది అబద్ధం కాదు. తారీఖు నిజంగానే పడలేదు. లేని కేసుకు తారీఖు ఎక్కడ పడుతుంది?

జూన్ 20, శుక్రవారం

ఇక్కడైనా వరసగా రాసుకోవాలి. కోర్టులో సాక్షిని వరసగా చెప్పమని గదమాయించే నోరు నాది.

ఏప్రిల్ 17. బాలనర్సమ్మ దావాలో పొలం సర్వే నంబరు 241 బదులు 214 అని పడింది. తప్పు మాదే. నాలుగేళ్ళు ఎవరూ చూసుకోలేదు, సాక్ష్యం మొదలయ్యాక అవతలి వకీలు పట్టుకున్నాడు. ఇప్పుడు దిద్దడం కుదరదు, ఈ కేసు వెనక్కి తీసుకుని సరైన నంబరుతో మళ్ళీ వేద్దామని సార్ అన్నారు. సలహా మంచిదే. కానీ వెనక్కి తీసుకునేటప్పుడు మెమోలో "మళ్ళీ వేసుకునే అనుమతితో" అని అడగాలి. అడక్కపోతే ఆ మనిషి ఆ తగాదా మీద ఇక జన్మలో కోర్టు మెట్లెక్కలేదు. ఇది నిన్నగాక మొన్న కోటు తొడిగిన జూనియర్‌కు కూడా తెలుసు.

ఆ రోజు బాలనర్సమ్మ రాలేదు. మేమే రమ్మనలేదు. ఎందుకు రమ్మంటాం? కేసు తీసుకున్న రోజే మా గుమస్తా ఎల్లేష్ ఆమె చేత వకాలత్ మీద, దానితో పాటు ఆరు తెల్లకాగితాల మీద వేలిముద్రలు వేయించి పెట్టాడు. ఊళ్ళ నుంచి వచ్చే వాళ్ళందరి చేతా వేయిస్తాడు. మోసం కోసం పెట్టుకున్న పద్ధతి కాదిది. ప్రతి చిన్న కాగితానికీ పిలిస్తే వాళ్ళకు ఒక రోజు కూలి పోతుంది. ఆ జాలితో మొదలైన పద్ధతి. నేనూ ఇలాగే నేర్చుకున్నాను.

ఆరింటిలో ఐదు అప్పటికే వాడేశాం. మిగిలిన ఆఖరి కాగితంలో వేలిముద్ర అడుగున లేదు, సగానికి పైనే పడి ఉంది. ఆమె చేతికి అందిన చోట వేసింది, ఎల్లేష్ చూసుకోలేదు. రాసేదంతా ముద్రకు పైనే పట్టాలి. కోర్టు పేరు, కేసు నంబరు, వాది, ప్రతివాది, ఇవన్నీ రాసేసరికి నాలుగు వరసల జాగా మిగిలింది. అక్షరాలు చిన్నవి చేశాను. "ఈ దావాను ఉపసంహరించుకొనుచున్నాను" అనే దగ్గరికి వచ్చేసరికి ఆమె బొటనవేలు అడ్డం వచ్చింది. ఇంకొక్క వరస పట్టి ఉంటే సరిపోయేది.

అనుమతి సంగతి నోటితో అడిగాను. అడిగినట్టే గుర్తు.

సెలవులు అయ్యాక ఉత్తర్వు నకలు తీసి చూశాను. "ఉపసంహరించుకున్నందున కొట్టివేయడమైనది." అంతే ఉంది. హైకోర్టుకు పోవడానికి తొంభై రోజులు, అంటే జూలై 16. పోవాలంటే నేను ప్రమాణపత్రం ఇవ్వాలి. వేలిముద్ర వేసినప్పుడు కాగితం తెల్లగా ఉందని, రాసింది నేనని, ఆమెకు ఏమీ తెలియదని. అది ఇస్తే ఆమె పొలం దక్కే దారి ఉంటుంది. వకీలుగా పనిచేసే నా సనదు పోతుంది.

జూన్ 24, మంగళవారం

కోర్టు అయ్యాక బార్ హాల్లో కమిటీ మొదటి సమావేశం. నా మొదటి నియమం చదివాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, కమిటీలో లేని వాళ్ళు కూడా కుర్చీలు దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు. క్రిస్టోఫర్ మంచి మనిషి, ఆదివారం చర్చిలో వాక్యం చదివే గొంతుతోనే మాట్లాడతాడు. రేగోడ్ నుంచి వచ్చే ముసలివాళ్ళను ఒక్క సంతకానికి రెండు బస్సులు మారి రమ్మనడం పాపం కాదా అన్నాడు. పాపమే. నేను కాదనలేదు. సార్ నవ్వి, "సాధ్యమైనంత వరకు" అనే మాట ముందు చేర్చమన్నారు.

చేర్చాను. "సాధ్యమైనంత వరకు తీసుకోరాదు." నా చేతితో నేనే చేర్చాను.

జూన్ 25

నేను వాదించి ఉండాల్సింది. అయినా ఏమని వాదిస్తాను? నీకెందుకమ్మా ఇంత పట్టుదల అని ఎవరైనా అడిగితే?

జూన్ 27, శుక్రవారం

సార్‌కు చెప్పేశాను. మెమో, ముద్ర, జాగా, జూలై 16, అన్నీ. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ విన్నారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది.

ముందుగా, ఎవరికైనా చెప్పావా అని అడిగారు. లేదన్నాను. ఆ ముద్ర వేయించింది ఎల్లేష్, మొదట పోయేది వాడి బతుకేనని గుర్తుచేశారు. ఎల్లేష్‌కు ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది నర్సింగ్ చదువుతోంది. అది నాకు తెలియదా? ఆ పిల్ల ఫారం నింపింది నేనే.

తర్వాత ఆయన చెప్పిన ఉపాయం రాస్తున్నాను, నాకే నమ్మకం కుదరక. సరైన నంబరుతో కొత్త కేసు వేసేద్దామన్నారు.

"నిలవదు గదా సార్?" అన్నాను.

"నిలవదు. నిలవదని తేలేదాంక ఐదారేండ్లు పడ్తది. ఆమెకు తారీఖులుంటయి గదా, తిరుగుతుంటది. గప్పటికి ఎవరుంటరో, ఎవరు పోతరో."

తిట్టినట్టు కూడా అనలేదు ఆ మాట. పిల్లకు పాఠం చెప్పినట్టు చెప్పారు. ఈయన దగ్గరే నేను పని నేర్చుకున్నాను. తల ఊపి బయటికొచ్చాను.

జూలై 1, మంగళవారం

నాన్న దగ్గర, మా అబ్బా దగ్గర కూర్చున్నాను. ఆయన నలభై ఏళ్ళు రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు దస్తావేజులు రాశారు. అస్గర్ సాబ్ రాశారంటే ఆ కాగితానికి తిరుగులేదని ఇప్పటికీ ముసలివాళ్ళు అంటారు. చూపు తగ్గింది గాని నోరు తగ్గలేదు. ఎవరో వకీలు సంగతన్నట్టుగా అడిగాను, ముందే ముద్ర వేయించి తర్వాత రాస్తే ఎట్లా అని. ముందు రాత, తర్వాత చదివి వినిపించడం, ఆ తర్వాతే వేలు అన్నారు. తన రోజుల్లో చదివి వినిపించకుండా వేలు పట్టుకున్న లేఖరిని తోటి లేఖరులే పక్కన కూర్చోనిచ్చేవారు కాదట. నియమాలు రాసి పెట్టారా అంటే నవ్వారు. రాయడం ఎందుకు, ఎవరూ పలకరించకపోతే వాడే పోతాడు అన్నారు.

ఆ వకీలు ఎవరని అడగలేదు. అన్నం తినమన్నారు.

జూలై 4, శుక్రవారం

రెండో సమావేశం. ఎండాకాలంలో నల్లకోటు గుండీలు పెట్టుకోవాలా వద్దా అన్న దాని మీద నలభై నిమిషాలు. అబద్ధం కాదు, గడియారం చూశాను. వాట్సాప్ గ్రూపులో జడ్జీల మీద జోకులు పెట్టకూడదన్న దాని మీద అరగంట. ఇక నా నియమానికి వచ్చేసరికి టీ కప్పులు తీసుకుపోతున్నారు. "సాధ్యమైనంత వరకు" అన్నా కూడా, ఆ తెల్లకాగితం అన్న మాట రాతలో ఉంటే మనమంతా ఆ పని చేస్తున్నట్టు మనమే ఒప్పుకున్నట్టు కదా అని ఒక సీనియర్ లేవదీశాడు. నిజమే అని అందరూ అన్నారు. చేస్తున్నామా లేదా అని ఒక్కరూ అడగలేదు.

మార్చి రాయమన్నారు. మార్చి రాశాను. "తెల్లకాగితాల మీద సంతకాలు, వేలిముద్రలు వేయరాదని కక్షిదారులకు అవగాహన కల్పించాలి." చూస్తూ చూస్తూ నియమం మా మీద నుంచి దిగి వాళ్ళ నెత్తి మీద కూర్చుంది. భాష మాత్రం బాగుందని క్రిస్టోఫర్ మెచ్చుకున్నాడు.

పన్నెండు రోజులుంది.

జూలై 9, బుధవారం

బాలనర్సమ్మ పొద్దున్నే వచ్చేసింది. చీర కుచ్చిళ్ళకు బురద, నేరుగా నాట్ల నుంచి వచ్చినట్టుంది. బిక్షపతి ఆ ఇరవై గుంటల్లో దమ్ము చేయించి నాట్లు వేయిస్తున్నాడట. ఫోన్‌లో కేసు నంబరు కొట్టి ఊళ్ళో అందరికీ చూపిస్తున్నాడట.

"కేసు అయిపోయిందంటుండు బిడ్డా. నిజమేనా?" అంది.

ఈ ప్రశ్నకు జవాబు మూడు వారాలుగా లోపల చెప్పుకుంటూనే ఉన్నాను. అన్నీ బాగానే కుదిరాయి. నోరు తెరిస్తే మాత్రం, నంబరు తప్పు పడింది పెద్దమ్మా, కొత్తగా వేస్తున్నాం అని వచ్చింది. ఆమె ముఖం తేటపడింది. నువ్వు చెప్పినావు కాబట్టి ఇక నాకు పరేషాన్ లేదంది. ఎల్లేష్ కొత్త వకాలత్, సిరా డబ్బా తెచ్చాడు, దానితో పాటు అలవాటు కొద్దీ తెల్లకాగితాలూ తెచ్చాడు. వద్దని నేను అనాలి. అనేలోపే ఆమె వేలు చాచింది.

"నాట్లున్నయి, మల్ల ఎప్పుడొస్తనో. ఎన్ని గావాల్నో గన్ని ఏపించుకో బిడ్డా."

ఐదు వేసింది. కాగితం అడుగున వేయమని నేనే ఆమె చేయి పట్టుకుని చూపించాను.

జూలై 10

ఈసారి కింద వేయించాను. పైన కావలసినంత జాగా ఉంది. పొద్దుటి నుంచి ఇదొక్కటే అనుకుంటున్నాను, ఏదో మేలు చేసినట్టు.

జూలై 14, సోమవారం

సార్ తలుపు వేసి కూర్చోమన్నారు. బాలనర్సమ్మ ఫైలులో నుంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. ఆయన చెప్పారు, నేను రాశాను. ఆరు వరసలు. దాన్ని ఆయన తన బీరువాలో పెట్టుకున్నారు. అవసరం రాదులే, జాగ్రత్త కోసం అన్నారు.

ఏం రాశానో ఇక్కడ రాయను.

జూలై 15, మంగళవారం

రాత్రంతా ఆలోచించి పొద్దున్నే ప్రమాణపత్రం టైపు చేశాను. ఒకటిన్నర పేజీ. నేను ఇంతవరకు రాసిన వాటిలో ఇదే మంచిది, ఒక్క చోట కూడా తప్పించుకోలేదు. అనుమతి నోటితో అడిగానని రాయలేదు. అడగలేదు. అప్పటికే తర్వాతి కేసు పిలిచారు, నేను ఫైలు సర్దుకుని వంగి దండం పెట్టి బయటికొచ్చాను. ఇంతే జరిగింది.

రేపు ఆరున్నర బస్సుకు హైదరాబాద్. హైకోర్టులో నా క్లాస్‌మేట్ లిల్లీ ఉంది, ఫోన్ చేశాను, పన్నెండు లోపల వస్తే దాఖలు చేయిస్తానంది. అంతకు ముందే హవేలిఘనపూర్ పోయి రావాలి, బాలనర్సమ్మకు చదివి వినిపించి ముద్ర తీసుకోవాలి. ఐదున్నరకు ఆటో మాట్లాడాను. ప్రాణం తేలికపడింది. చాలా రోజుల తర్వాత బిర్యానీ చేశాను, అబ్బా రెండుసార్లు వడ్డించుకున్నారు.

జూలై 16, బుధవారం

ఆటో వచ్చింది. ఎక్కాను కూడా. రాందాస్ చౌరస్తా దాటాక డ్రైవర్ ఘనపూర్‌లో ఎవరింటికి అని అడిగాడు. పేరు చెప్పలేకపోయాను. ఇల్లు తెలియదా మేడమ్ అన్నాడు. కోర్టుకు తిప్పమన్నాను. తాళం తీయని బార్ హాల్ మెట్ల మీద తొమ్మిది వరకు కూర్చున్నాను. లిల్లీ నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఐదోసారి చేయలేదు.

సాయంత్రం సర్వసభ్య సమావేశం. పదకొండు ప్రతిపాదనలు నిలబడి చదివాను. తప్పు పోకుండా, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపి చదివాను. ఏకగ్రీవంగా ఆమోదించారు. క్రమశిక్షణ కోసం మహిళా న్యాయవాది చేసిన కృషి అంటూ సార్ నాకు శాలువా కప్పారు. ఎల్లేష్ ఫోటో తీశాడు. నేను నవ్వాను, ఫోటోలో బాగా వచ్చాను.

జూలై 17

గడువు నిన్నటితో పోయింది. ఇప్పుడు భయం లేదు. నాకు ఏడుపొస్తోంది, భయం పోయినందుకు.

జూలై 22, మంగళవారం

మా ప్రతిపాదనల్లో ఒకటి మాత్రం అప్పుడే అమలైంది. పై నుంచి ఆమోదం రాకముందే సంఘం కోర్టు గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టించింది. "కక్షిదారులారా, తెల్లకాగితాల మీద సంతకాలు, వేలిముద్రలు వేయకండి." కింద పదిమంది ఫోటోలు. నాదీ ఉంది, శాలువాతో.

మూడింటికి బాలనర్సమ్మ వచ్చింది. ఆటో దిగిన చోట చదువుకున్న పిల్లెవరో ఆమెకు అది చదివి చెప్పిందట. వచ్చి కుర్చీ అంచున కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని నా ముఖం చూసింది. తెలిసిపోయిందనుకున్నాను. ఒక్క క్షణం, తెలిసిపోతే బాగుండునని కూడా అనిపించింది.

"ఏయొద్దంట గద బిడ్డా. నాకెరుకలేక ఏసిన. రూలు రాసినదానివి నువ్వేనంట, నీ తాననే నేను గిట్ల జేస్తి. నావల్ల నీకేమన్న మాటొస్తదేమో. నా ఏలిముద్రలు నాకిచ్చెయ్యి, కొంటబోత."

నా మీద అనుమానంతో రాలేదు. నన్ను కాపాడటానికి వచ్చింది, నాట్లకు పోకుండా, ఒక రోజు కూలి పోగొట్టుకుని.

ఫైలు తీశాను. నాలుగు కాగితాలున్నాయి. ఐదోది సార్ బీరువాలో ఉంది, నా చేతి రాతతో, ఏప్రిల్ తేదీతో. "నా కేసును నా ఇష్టపూర్వకంగానే వెనక్కి తీసుకున్నాను. మళ్ళీ వేసే ఉద్దేశం నాకు లేదు. నా వకీళ్ళ మీద నాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు." కింద ఆమె వేలు, అడుగున, చక్కగా.

నాలుగూ ఆమె చేతిలో పెట్టాను. ఆమెకు చదువు రాదు గాని, నాట్లలో కట్టలు లెక్కపెట్టే మనిషి. ఒక్కొక్కటీ వేలితో విడదీసి చూసుకుంది. మళ్ళీ చూసుకుంది.

"నాలుగేనా? ఐదు ఏసినట్టు యాదికున్నది."

ఎల్లేష్ తల ఎత్తలేదు. గోడ అవతల సార్ ఫోన్‌లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నారు.

"నాలుగే పెద్దమ్మా," అన్నాను.

"గట్లనా," అంది. నాలుగూ కలిపి మడిచి కొంగులో చుట్టుకుంది. "నువ్వు జెప్తున్నవు గదా, నాలుగే అయ్యుంటయి. ముసల్దాన్నయిన, నాకే యాది ఉంటలేదు."